బండివెనుక బండి

అమెరికాదేశమున కాపురముండు తెలుగు కుటుంబములలో కొన్ని వేసవిసెలవులలో చిన్నయిల్లువంటి ట్రెయిలరును తమ ట్రక్కునకు తగిలించుకొని అడవులకును సరస్సులకును పోవుచుండును. మా కుటుంబమును అట్టిదియే. ఒక యేడు నా భర్తకు భుజమున శస్త్రచికిత్స జరిగెను. బరువు లెత్తరాదని వైద్యులు చెప్పుటచే ప్రయాణము మానుదమని వారనిరి. పిల్లల ముఖములు చూచి, తగిలించుటయు విప్పుటయు నేను నేర్చుకొందునంటిని. ఇది ఆడువారి పని కాదన్నవారును గలరు. కాని యీ పనికి బలముకన్న క్రమము ముఖ్యము. క్రమము మనకు వంటయింట నిత్యాభ్యాసమే కదా!

కృష్ణాజిల్లా పల్లెలో ఎడ్లబండ్లనడుమ పెరిగిన మా అత్తగారప్పుడు మాయొద్దనే యుండిరి. సంగతి వినగానే ఆమె, "బస్తాలు ముందుకు వేస్తే కాడి ఎడ్ల మెడలు నొక్కుతుంది, వెనక్కి వేస్తే పైకి లేస్తుంది. ఇదీ అంతే కదుటే అమ్మాయీ!" అనిరి. నిజముగా అంతియే. ట్రెయిలరు మొత్తపు బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్లు ముందుకొక్కెముపై నుండవలెను. 5,000 పౌనుల ట్రెయిలరునకు ఇది 500 మొదలు 750 పౌనులు. ఇంతకు తగ్గినచో ట్రెయిలరు దారిలో అటునిటు నూగిపోవును. అయితే ఆ బరువు ట్రక్కు తోకపై పడగా వెనుకభాగము క్రుంగి ముందుభాగము లేచును. ముందుచక్రములకు నేలపై పట్టు సడలును. మలుపుటయు ఆపుటయు కష్టమగును.

దీనికి విరుగుడే బరువును పంచు హిచ్చు. దీనినుండి రెండు స్ప్రింగుకమ్ములు ట్రెయిలరు నొగక్రిందుగా వెనుకకు పోవును. వానిని గొలుసులతో పైకి లాగి బిగించినచో అవి మీటలవలె పనిచేసి, కొంత బరువును ట్రక్కు ముందుచక్రములకును కొంత ట్రెయిలరు చక్రములకును పంపును. బరువు తగ్గదు, పంపకమగును.

సమతలమున బండి నిలిపి, ట్రెయిలరు చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, ట్రక్కు ముందుచక్రముపై రేకు నేలకెంత యెత్తున నున్నదో కొలిచి వ్రాసికొనవలెను. పిదప కొక్కెమును గుండుపై దించి, గడియ వేసి, జాకీతో రెండింటిని కలిపి పైకెత్తవలెను. అప్పుడు కమ్ములు సులువుగా తగులును. జాకీ దించి మరల కొలువవలెను. ముందుభాగ మెంత దిగిరావలెనో ట్రక్కు పుస్తకమున నుండును. దానినిబట్టి గొలుసు లంకెలు నిర్ణయించవలెను. తుదకు రక్షణగొలుసులు నొగక్రింద అడ్డముగా పెనవైచి, ట్రెయిలరు తెగిపోయినచో బ్రేకువేయు తీగను, దీపముల తీగను తగిలించవలెను.

విప్పునపుడును మొదట అడ్డుదిమ్మలే. కొక్కెము ఊడిన పిదప ట్రెయిలరును పట్టియుంచునది వేరొకటి లేదు. గడియ తీయకయే జాకీతో ఎత్తి, కమ్ముల బిగువు పోయిన తరువాతనే వానిని విప్పవలెను. బిగువున్న కమ్మి తటాలున విదల్చుకొనినచో ఎముకలు విరుగును. కావున ప్రక్కకు నిలిచి, పిల్లలను దూరముగా నుంచవలెను. పిదప జాకీ కొంచెము దించి, తీగలు, గొలుసులు, గడియ తీసి, మరల జాకీతో కొక్కెమును గుండునుండి పైకెత్తవలెను.

ఆ వేసవిని మేము మిచిగాను సరస్సుతీరమునకు సుఖముగా పోయివచ్చితిమి. మీ యింట ట్రెయిలరున్నచో ఈ పని ఒక్కరికే విడువకుడు. దూరదేశపు దారిలో ఆ యొక్కరికి జ్వరము వచ్చినను, పిల్లలను ఇల్లు చేర్చగల చేయి మరియొకటి యుండవలెను.