బిల్జ్‌కి కొత్త రంగు

పడవలో కాళ్ల కింది పలకలెత్తితే కనబడే అట్టడుగు గుంటని ఇక్కడ బిల్జ్ అంటారు. కారిన నీరు, ఒలికిన నూనె, డెక్కు మీంచి దిగిన వాన, ఏదైనా చివరికి చేరేది అక్కడికే. రెండు వారాల కిందట శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి అలమీడాలో చూసిన పడవ బిల్జ్‌లో జానెడు లోతు నీళ్లున్నాయి. మొన్న శనివారం పడవలు పరీక్షించే సర్వేయర్ని వెంటబెట్టుకుని వెళ్లేసరికి నీళ్లు లేవు, తళతళలాడే తెల్ల రంగుంది. వాసన కూడా పోలేదు. "మీకోసమే శుభ్రం చేయించాను" అన్నాడు అమ్మేవాడు. నాలుగు రోజులైంది, నా కోపం తగ్గలేదు.

వారాంతాల్లో పిల్లలతో శాన్ ఫ్రాన్సిస్కో బేలో తిరగడానికి, ఎప్పుడైనా గోల్డెన్ గేట్ దాటి మాంటెరే దాకా పోయి రావడానికి పాత తెరచాప పడవ కొందామని ఏడాదిగా వెతుకుతున్నాం. చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఈ అలమీడా పడవ, కెటలినా 30. ఫ్రాంక్ బట్లర్ గీసిన ఈ నమూనాలో ఆరు వేలకు పైగా పడవలు తయారయ్యాయి. రెండోది బర్కిలీలో ఉన్న వెస్ట్‌సెయిల్ 32. పొడవులో తేడా రెండడుగులే. బరువు చూస్తే కెటలినా 10,200 పౌండ్లు, వెస్ట్‌సెయిల్ 19,500 పౌండ్లు.

మా ఆవిడకి కెటలినా చూడగానే నచ్చింది. లోపల నిటారుగా నిలబడొచ్చు, పిల్లలు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, వెలుతురు బాగా వస్తుంది. పొయ్యి దగ్గర నిలబడి "పడవ ఒరిగితే కుక్కరు నిలుస్తుందా?" అని అడిగింది. పడవ ఎటు ఒరిగినా మట్టంగా ఉండేలా పొయ్యి ఊయలలా వేలాడుతుందని చూపిస్తే మురిసిపోయింది. నాకూ నచ్చింది. కీలు, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క, పొట్టిది గనక ఇరుకు మెరీనాలోనూ చక్కగా తిరుగుతుంది. గాలి తక్కువున్నా కదులుతుంది. వెస్ట్‌సెయిల్‌కి కీలు ముందు నుంచి వెనక దాకా ఉంటుంది. నిదానంగా నడుస్తుంది, రివర్స్‌లో చుక్కాని మాట వినదు. కానీ సముద్రం మీద దాని గట్టితనం లోకానికి తెలిసిందే. 1991 అక్టోబరు చివర్లో అట్లాంటిక్‌లో వచ్చిన పెనుతుఫానులో సటోరీ అనే వెస్ట్‌సెయిల్ 32 నుంచి మనుషుల్ని కోస్ట్‌గార్డు తీసుకుపోయింది. ఖాళీ పడవ తనంతట తానే తేలుతూ వెళ్లి తర్వాత ఒడ్డుకి చేరింది.

బే వరకే అయితే కెటలినాయే సరైనది, ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఎండాకాలం మధ్యాహ్నం తీరానికి లోపలున్న లోయ వేడెక్కితే సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ గుండా దూసుకొస్తుంది. ఒక తెర కుదించుకుంటే ఆ గాలికి కూడా కెటలినా తట్టుకుంటుంది. ఆ రంగు వేయకుండా ఉంటే ఈపాటికి కొనేసేవాణ్ణి.

రంగు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, కెటలినాలో సీసపు కీలు పెద్ద పెద్ద బోల్టులతో పడవ అడుక్కి బిగించి ఉంటుంది. ఆ బోల్టుల తలలు కనబడేది బిల్జ్‌లోనే. వాటి చుట్టూ తుప్పు చారలుంటే కింద నుంచి నీరు ఎక్కుతోందేమోనని అనుమానించాలి. ఆ చారలుంటే రంగు కప్పేసింది. కొనేవాడి తరఫున, కొనేవాడి డబ్బుతో పనిచేసే సర్వేయరనే పద్ధతి ఈ దేశంలో ఉన్నందుకు నాకెంతో గౌరవం. మా సర్వేయరమ్మ ఐదు గంటలు ప్రతి సందులో దూరి, చిన్న సుత్తితో డెక్కంతా తట్టి, శబ్దం విని, బోలుగా మోగినచోటల్లా గుర్తు పెట్టింది. బోల్టుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రంగు కింద ఏముందో నేను రాయలేను" అంది. అంత చదువు, అంత అనుభవం ఒక డబ్బా రంగు ముందు ఆగిపోయాయి.

అప్పుడే ఆ పడవ అమ్మకం చూస్తున్న మధ్యవర్తి నన్ను పక్కకి పిలిచి, మర్యాదగానే, "మీ దేశంలో తెరచాప పడవలున్నాయా?" అని అడిగాడు. మాది కోరంగి పక్కన తాళ్లరేవు. ఒకప్పుడు కోరంగిలో ఓడలు కట్టేవాళ్లు, దూరం నుంచి వచ్చినవాటికి మరమ్మతులు చేసేవాళ్లు. 1839 తుఫాను ఆ రేవుని దెబ్బతీసినా, బర్మాలో తెలుగువాళ్లని చాలాకాలం ఆ ఊరి పేరుతోనే కోరంగీలని పిలిచారు. ఇదంతా ఆయనకి చెప్పాను. తలూపాడు.

మా మావయ్య పాత పడవ కొన్నరోజు గుర్తొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పోటు తీశాక పడవ బురదలో ఒరిగి ఉంది. మేస్త్రీ లోపలికి దిగి, అడుగున నిలిచిన నీట్లో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఉప్పుంది. కింద నుంచే" అన్నాడు. ఆయన తలెత్తకముందే అమ్మేవాడు అందుకున్నాడు: "అవును మేస్త్రీ, ఎడమపక్క మూడో పలక. మార్చుకోవాలండి, అందుకే ధర తగ్గించాను." ఒక్క కాయితం లేదు. మావయ్య అక్కడే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

నిన్న బర్కిలీలో వెస్ట్‌సెయిల్ పలకలెత్తాం. లోపల మురికి, నూనె జిడ్డు, రెండంగుళాల నీరు. ఈ పడవకి సీసం పడవ అడుగు లోపలే మూసి ఉంటుంది, కీలు బోల్టుల గొడవ లేదు. సర్వేయరమ్మ వేలు ముంచి నాలికకి తాకించుకుంది. నేను ఊపిరి బిగబట్టాను. "ఉప్పు లేదు, వాన నీరే" అంది. అమ్మే పెద్దాయన తన నోటుబుక్కు తెరిచి, తెరచాప కొయ్య మొదట్లో వాన కారుతోందని ఫిబ్రవరిలో తను రాసుకున్న వాక్యం చూపించాడు. కొయ్యని నిలబెట్టే రిగ్గింగ్ పాతది, తీగలన్నీ మార్చాలి. ఆ సంగతీ అదే పేజీలో ఉంది.

ఈ ఉదయం ఆయనకి అడ్వాన్సు ఇచ్చాం. అలమీడా పడవ ఇంకా అమ్మకానికే ఉంది. తెలుగువాళ్లెవరైనా చూడటానికి వెళ్తే, ముందు పలకలెత్తి, ఆ రంగు ఎప్పుడు వేశారో అడగండి.