కొనుట అను మాట

మొన్న వేసవిలో ఒక హిందీ వ్యాసమును తెలుగు చేయుచుండగా ‘ఖరీద్‌నా’ అను సామాన్యమైన క్రియ దగ్గర నా కలము ఆగిపోయినది. ఆ వ్యాసము వీడియో ఆటల కన్సోళ్ల భవిష్యత్తును గూర్చినది. ‘కొనుట’ అని వ్రాసి ముందునకు సాగిపోవచ్చును. కాని తెలుగులో ‘కొను’ అనునది వెల ఇచ్చుటను మాత్రమే చెప్పదు. దాచుకొనుట, చదువుకొనుట, తెచ్చుకొనుట అని మనిషి తనకొరకు చేయు ప్రతి పనికిని అదే తోడుగా నిలుచును. నేటి పిల్లలు తమ ఆటలను ఆ అర్థమున కొనుచున్నారా అను సంశయము నాకు కలిగినది.

దీనికి మూలము మా ఇంటిలోనే ఉన్నది. ఇరువదేండ్ల క్రిందట మేము ఢిల్లీలో ఉన్నప్పుడు మా అబ్బాయికి ప్లేస్టేషన్ 2 కొని ఇచ్చినాను. డిస్కులు ఖరీదైనవి గనుక వీధిలోని పిల్లలు ఒకరివి ఒకరు ఎరువు తెచ్చుకొనెడివారు. ఒకనాడు మావాడు ప్రక్కయింటి కుర్రవాని డిస్కుపై గీత పడవేసినాడు. వాని తల్లి మా గుమ్మమున నిలిచి హిందీలో నాలుగు మాటలన్నది. నేను క్రొత్త డిస్కు తెచ్చి ఇచ్చి, క్షమింపుమని అడిగి, మావాడిని కోప్పడినాను. పరుల వస్తువును ఎట్లు చూచుకొనవలెనో వాడు నేర్చినది ఆనాడే.

గత సంవత్సరము వాడు ప్లేస్టేషన్ 5 తెచ్చినాడు. 2020 నవంబరులో అది రెండు రూపములలో వెలువడినది. వానిలో ఒకదానికి డిస్కు పెట్టు చోటే లేదు. మావాడు తెచ్చినది అదే. 2025 జూనులో వచ్చిన నింటెండో స్విచ్ 2 కొరకు అమ్ము కొన్ని కార్డులలో ఆట ఉండదు. ఆటను దింపుకొనుటకు తాళపుచెవి మాత్రమే ఉండును.

“గీత పడితే డిస్కు మాత్రము నిలిచినదా, నాన్నా? డిస్కులు వేయించుటకు డబ్బులేని చిన్నవాళ్లు కూడా ఇప్పుడు ఆటలు అమ్ముకొనగలుగుచున్నారు” అన్నాడు మావాడు. అందులో న్యాయమున్నది. ఐనను గీత పడిన డిస్కు ఒక ఇంటిలో పోవును. సర్వరు ఆగినచో అన్ని ఇండ్లలోను పోవును. 2014లో వెలువడిన ‘ది క్రూ’ అను కార్ల పందెపు ఆటకు యుబిసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న సర్వర్లు నిలిపివేసినది. డిస్కు చేతనున్నవారికి కూడా ఆట లేకపోయినది. అనుమతిని మాత్రమే అమ్మువారు ఆ సంగతి స్పష్టముగా చెప్పక ‘కొనుడు’ అని వ్రాయరాదని కాలిఫోర్నియా చేసిన శాసనము 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. నా కలము ఆగిన మాట దగ్గరనే శాసనకర్తలును ఆగిరి!

కన్సోళ్లు ఉండునో, టెలివిజనులోనే కలిసిపోవునో చెప్పుటకు నేను జ్యోతిష్కుడను కాను. ఎరువిచ్చుటకు ఏమియు లేని ఇంటిలో పిల్లల స్నేహములు ఎట్లుండునన్నదే నా చింత.

చివరకు ‘కొనుట’ అనియే వ్రాసినాను. మూలకర్త మాటను మార్చు హక్కు అనువాదకునకు లేదు. ఆ సాయంకాలము అటుకపైనుండి పాత యంత్రమును దింపించినాను. నాటి గీత పడిన డిస్కు కూడా దానితోనే ఉన్నది. ఎదురింటి పిల్లవాడు వచ్చి, మావాడితో కొంతసేపు ఆడి, వెళ్లునప్పుడు మంచి డిస్కు నొకదానిని యంత్రముతో సహా అడిగినాడు. రెండు దినములలో తెచ్చి ఇత్తునన్నాడు. మావాడు నా వంక చూచి, “గీతలు పడనీయకు” అని చెప్పి ఇచ్చినాడు.