మందిరములో మా డప్పు



నిర్గమకాండము 15వ అధ్యాయములో మిర్యాము చేతపట్టిన వాయిద్యాన్ని మన తెలుగు బైబిలు తంబుర అన్నది. తంబుర అనగానే మనకు తీగెల వాయిద్యం గుర్తుకు వస్తుంది. కాని హెబ్రీలో ఆ మాట 'తోఫ్'. గుండ్రని చట్రానికి తోలు బిగించి వాయించేది. అంటే మన డప్పుకు దగ్గరి చుట్టమే. మా పాస్టరుగారు ఈ సంగతి చెప్పిన దినమున సంఘములో చాలామంది తలెత్తి చూశారు. అందుకు కారణమున్నది.

మాది తెల్లాపూర్. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 నుండి సంగారెడ్డి జిల్లా. ఇప్పుడు చుట్టూ ఆకాశాన్నంటే అపార్టుమెంట్లు. మా నాయన డప్పులు కట్టేవాడు. వడ్రంగి చేత చెక్కముక్కలు వంపుగా చెక్కించి, అతికించి, గుండ్రని చట్రం చేయించేవాడు. మేకతోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, తడి ఆరకముందే చట్రం మీదికి లాగి, చింతగింజల జిగురుతో అంటించేవాడు. ఎవరికి కడితే వారి చెయ్యి చూసి కొలత పెట్టేవాడు. "పిల్లగానికి పెద్ద డప్పు ఇస్తే భుజం పోతది" అనేవాడు. కుడిచేతికి సిర్ర, ఎడమచేతికి సిటికెన పుల్ల. వాయించే ముందు మంట దగ్గర కాచాలి. కాగని తోలు పలుకదు, మితిమీరి కాగితే పగులుతుంది.

అయితే ఆ డప్పు మా పెద్దలకు గౌరవం తేలేదు. చావుకు, జాతరకు, చాటింపుకు పిలిస్తే పోవాలి, కూలి అడుగరాదు. అందుకే మా తాత బాప్తిస్మము పొందినప్పుడు ఊరి డప్పు మానివేశాడు. నాయన కళాబృందాలకు కట్టి ఇచ్చాడు గాని మందిరములోనికి తేలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తి పట్టింది. అయినా మందిరములో మాకు ఢోలకే.

కొన్ని సంవత్సరాల క్రిందట యౌవనస్థులు క్రిస్మసు క్యారల్స్‌కు డప్పు కావాలన్నారు. సంఘపెద్ద ఒకాయన లేచి, "దాన్ని కొట్టి నేను తిన్నది ఎంగిలి కూడు. దేవుని ముందటికి దాన్ని తెస్తరా?" అని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎవరికీ నోట మాట రాలేదు. ఆ కన్నీరు అబద్ధం కాదు.

నాయన మెల్లగా అన్నాడు: "డప్పు ఏం పాపం చేసింది పెద్దన్నా? కూలియ్యకుండ కొట్టించుకున్నోళ్లది తప్పు. ఇప్పుడు మనల్ని ఎవరూ పిలుస్తలేరు. మనంతట మనమే దేవునికి కొడదాం."

ఆ ఏడు క్యారల్స్‌కు డప్పు మోగింది. పెద్దాయన రాలేదు. ఆయనను ఎవరూ బలవంతపెట్టలేదు, నిందించలేదు. మరుసటి ఏడు ఆయనే తన మనుమని నాయన దగ్గరికి పంపాడు, చెయ్యి కొలత ఇచ్చి రమ్మని.

ప్రియులారా, సిగ్గుపరచిన దానిని పారవేయుట ఒక విడుదల. దానినే దేవుని చేతికి అప్పగించుట మరియొక విడుదల. మొదటిదానిలో ఉన్న సహోదరుని తొందరపెట్టకుము. మంట దగ్గర తోలు కాగినట్లు హృదయమునకు కూడ సమయము కావలెను. బానిసత్వము నుండి వచ్చిన జనులకే మిర్యాము పాట నేర్పెను గదా! దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.