నారుకు నీళ్ళు

నేను బయాలజీ మాస్టర్ని. జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. కిరణజన్య సంయోగక్రియ పాఠం పుస్తకం చూడకుండా చెప్పగలను. వేరు అడ్డుకోత బొమ్మ బోర్డు మీద రెండు నిమిషాల్లో వేస్తాను. అలాంటి నా చేతుల్లో నిరుడు ఎండాకాలం దాదాపు ముప్పై మిరప మొక్కలు చచ్చిపోయినయ్. గ్లాసుల్లో, నా గదిలో, నా కళ్ళ ముందే. ఎండిపోయి కాదు. నీళ్ళెక్కువై.

ఈ మాట చెప్పుకోటానికి సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే మా అమ్మ నలభై ఏళ్ళుగా మిరపనారు పీకింది, నాటింది, కలుపు తీసింది, కాయ కోసింది, కళ్ళాల్లో ఎండబోసి తాలుకాయ ఏరింది. ఆమె చేత్తో నాటిన మొక్కలు లెక్కేస్తే మా ఊరి పొలమంతా రెండుసార్లు నిండుద్ది. అందులో ఒక్క మొక్క కూడా మాది కాదు. మాదిగపల్లెలో మాకు గుడిసె తప్ప సెంటు నేల లేదు. పెరడు కూడా లేదు. మా చూరు దిగితే పక్కింటోళ్ళ చూరే.

అయితే నాకెందుకు రాలేదు ఆ పని? రానివ్వలేదు గనక. నాయన ఒక ఆసామి దగ్గర జీతానికుండేవాడు. పొద్దున చీకటితో పోతే రాత్రి చీకట్లోనే వచ్చేవాడు. "నువ్వు మాత్రం మట్టి ముట్టుకోబాకరా" అని ఆయన నాకు చేసిన ఉపదేశం ఒక్కటే. సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేశాడు. పదో తరగతికి ముందు ఒకసారి సెలవులకొచ్చి, పుస్తకాలకి డబ్బులొస్తాయి గదా అని అమ్మ వెనకాల మిరపకాయ కోతకు పోయాను. సాయంత్రానికి చేతులు మంట. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. రాత్రంతా ఏడ్చాను. అమ్మ నా చేతులకు నూనె రాస్తా రాస్తా నాయన్ని తిట్టింది, నన్ను తిట్టింది, చివరికి తన్ను తానే తిట్టుకుంది. ఆ తర్వాత నన్ను చేలోకి అడుగుపెట్టనివ్వలేదు. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. మా వంశంలో నారు పొయ్యటం రానివాణ్ణి కూడా నేనే మొదలు.

డీఎస్సీలో ఉద్యోగం వచ్చాక మండల కేంద్రంలో గది కోసం తిరిగాను. "మాస్టారు గారా, రండి రండి" అని కుర్చీ వేసినవాళ్ళే మంచినీళ్ళు ఇచ్చేలోపు "మీరేమట్లు?" అని అడిగేవాళ్ళు. దాస్తే ఒక బాధ, చెబితే ఒక బాధ. నేను దాచలేదు. మూడిళ్ళు పోయినయ్. నాలుగో ఇంటివాళ్ళు వెనకవైపు గది ఇచ్చారు. దానికి ఉత్తరం వైపు ఒకటే చిన్న కిటికీ. వాకిట్లో కుళాయి, కుళాయి పక్కన తులసికోట, వరసగా పూలకుండీలు. ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో వాళ్ళు చెప్పలేదు. నేను అడగలేదు.

ఒకరోజు ఇంటావిడ ఊరెళ్ళింది. గులాబీ మొక్క వాడిపోయి కనపడింది. బకెట్టు నాదే, కుళాయి నీళ్ళే. పోశాను. ఆవిడ వచ్చి తడి చూసి, "మీరెందుకు శ్రమ పడటం మాస్టారూ, అవి మేం చూసుకుంటాంగా" అంది. చాలా మర్యాదగా అంది. మర్నాడు తెల్లారేసరికి కుండీలన్నీ ముందు వాకిట్లోకి పోయినయ్. ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ అని స్టాఫ్‌రూంలో అడిగేవాళ్ళకి నేను ఆ కుండీలు చూపించలేను. అవి కుండీలే గదా.

ఆ కసితోనే నా మొక్కలు నేనే పెంచుకుందామనుకున్నాను. బయట జాగా లేదు గాబట్టి లోపలే. స్కూల్లో కూడా ఒక మాటిచ్చి ఉన్నాను. బడి వెనక ఖాళీ జాగాలో మధ్యాహ్న భోజనం కోసం కూరగాయలు వేద్దామని అన్నప్పుడు, మిరపనారు నేను తెస్తానని హెడ్మాస్టరుకి చెప్పాను. మా బడిలో వంట చేసే అక్క మా వాళ్ళే. బిల్లు ఆలస్యమైనప్పుడల్లా పచ్చిమిరపకాయలు అప్పు మీద తెస్తుంది. ఆమెకి నాలుగు కాయలు దొరుకుతాయనేది నా ఆశ.

మే నెల మొదట్లో పని మొదలుపెట్టాను. నలభై ప్లాస్టిక్ గ్లాసులు కొన్నాను. కాలవ కట్ట నించి నల్లమట్టి సంచిలో తెచ్చాను. గ్లాసుకో గింజ. కిటికీ కింద చెక్కబల్ల మీద వరసగా పేర్చాను. ఎనిమిదో రోజు పొద్దున మొలకలు మట్టి పగలగొట్టుకుని, మెడ వంచుకుని వచ్చినయ్. అప్పుడు నా సంతోషం ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఎవరూ లేక వాటికే గుడ్ మార్నింగ్ చెప్పాను.

ఇక నీళ్ళు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. బడి లేదు గదా, వేరే పనేముంది? మట్టి పైన కొంచెం తెల్లబడితే నా గొంతు ఎండినట్టు ఉండేది.

దప్పికంటే నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఎండాకాలం మా పల్లె చేతిపంపు ఎండిపోయేది. అమ్మ బిందెతో ఊళ్ళో బావి దగ్గర నిలబడేది. చేద ముట్టుకోకూడదు. ఎవరన్నా తల్లి దయతలిచి తోడి పోస్తే పోసినట్టు. నేను పక్కన దోసిలి పట్టుకుని నిలబడేవాణ్ణి. పైనించి పోస్తే సగం మోచేతుల మీదగా కారిపోయేది. మిగిలిన సగమే మనది. నాయన కారంచేడు కథ చెప్పేవాడు. అక్కడ గొడవ మొదలైంది తాగే నీళ్ళ దగ్గరే. మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి బకెట్టు కడిగితే ఇదేందని అడిగారు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. నాయన ఆ కథ చెప్పినప్పుడల్లా చివర్లో లేచిపోయి కుండలో నీళ్ళు ముంచుకుని తాగేవాడు. ఇదంతా గుర్తుపెట్టుకుని నేను గ్లాసుల్లో నీళ్ళు పోశానని కాదు. కానీ నీళ్ళు తక్కువ పొయ్యటానికి నాకు చెయ్యి రాలేదు.

రెండో వారం దాటేసరికి మొక్కలు ఈనెపుల్లల్లాగా పొడుగ్గా సాగినయ్. కిటికీ వైపు మెడలు చాపినయ్. బలం లేక ఇట్టా ఉన్నయ్యేమో అనుకున్నాను. తెలిసినాయన దగ్గర పిడికెడు యూరియా తెచ్చి తలా చిటికెడు వేశాను. రెండ్రోజులకు కొన్నిటి ఆకుల అంచులు కాలిపోయినయ్. తర్వాత ఒక పొద్దున లేచి చూస్తే నాలుగు మొక్కలు పడిపోయి ఉన్నయ్. మట్టిని ఆనుకున్న చోట కాడ నల్లబడి, దారం కట్టి లాగినట్టు సన్నబడింది. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నయ్. మర్నాడు ఏడు. ఆ మర్నాడు ఆరు. అవి పడిపోతుంటే నేను భయపడి ఇంకా నీళ్ళు పోశాను.

పుస్తకం తీశాను. నారుకుళ్ళు తెగులు. పిథియం లాంటి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. తడి ఎక్కువై, గాలాడని మట్టిలో రెచ్చిపోతుంది. వేర్లు కూడా శ్వాసిస్తాయి అని నేనే ఏటేటా పిల్లలకి చెబుతాను. ఒక మార్కు ప్రశ్న అది. నా గ్లాసులకు అడుగున చిల్లులే లేవు.

పదకొండు మొక్కలు మిగిలినప్పుడు అమ్మకి ఫోన్ చేశాను. ఆదివారం బస్సెక్కి వచ్చింది. గదిలోకి వచ్చి గ్లాసులు చూసి ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నా మొహం చూసింది.

"ఏందిరా నాయనా, నారుని బాయిలో దించావు?"

"దప్పికవుతుందని పోశానమ్మా."

"దప్పికయితే అదే చెప్పుద్దిరా. ఆకు కొంచెం వాలుద్ది. నువ్వు అడగకుండానే పోత్తన్నావు."

కింద కూర్చుంది. మేకు పొయ్యి మీద కాల్చి, ఒక్కో గ్లాసుకి అడుగున మూడు చిల్లులు పొడిచింది. చిల్లు పడగానే నల్లటి నీళ్ళు కారినయ్. ముక్కు దగ్గర పెట్టుకుని "మురిగింది" అంది. నల్లమట్టి నీళ్ళు పట్టుకుంటే వదలదంట. అందులో సగం ఇసుక, పాత పేడ ఎరువు పొడిచేసి కలపాలంట. కొత్త గ్లాసుల్లో అట్టా కలిపి, తను తెచ్చిన గింజలు వేసింది. యూరియా పొట్లం చూసి మాత్రం కోప్పడింది.

"మొదటొచ్చే రెండాకులు గింజ కట్టిచ్చిన సద్దిమూటరా. అది అయ్యేదాకా దానికి మన కూడు అక్కర్లేదు."

బీజదళాలు ఆహారాన్ని నిలవ చేస్తాయి అని నేను చెప్పే పాఠం అదే. కానీ హాస్టలుకు పోయేటప్పుడు అమ్మ గుడ్డలో కట్టిచ్చిన సద్ది నాకు ఆ పాఠంలో ఎప్పుడూ కనపడలేదు.

తర్వాత నీళ్ళు పొయ్యటం నేర్పింది. నిజంగా నేర్పింది, పలక మీద అక్షరం దిద్దించినట్టు. పొడిగా ఉన్న గ్లాసు ఒక చేతిలో పెట్టింది. తడిపిన గ్లాసు ఇంకో చేతిలో పెట్టింది. "కళ్ళు మూసుకో. ఏది బరువు?" అంది. మార్చి మార్చి పెట్టింది. మట్టి పైన చూసి మోసపోవద్దు, ఎత్తి చూడు. తేలిగ్గా ఉంటేనే నీళ్ళు. అనుమానమైతే వేలు ఒక కణుపు లోపలికి దించు, తడి తగిలితే చెయ్యి తీసెయ్. పైనించి పొయ్యబాక, కాడ కుళ్ళుద్ది. పళ్ళెంలో నీళ్ళు పోసి గ్లాసులు అందులో పెట్టు, కిందనించి అదే తాగుద్ది. పావుగంటయ్యాక మిగిలిన నీళ్ళు పారబొయ్యి.

కిందనించి అదే తాగుద్ది. ఎవరూ పైనించి పొయ్యక్కర్లేదు. ఆ మాట నేను రెండుసార్లు అనిపించుకున్నాను.

"ఇంకోటి, వీటికి ఎండ ఏది?" అంది. కిటికీ చూపించాను. "అది ఎండ కాదు, ఎలుతురు" అని పళ్ళెం ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది. వద్దమ్మా అనేలోపే తులసికోటకి అవతల, గోడవారన పొద్దుటి ఎండలో పెట్టింది. ఇంటావిడ బయటికొచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?"

"మాస్టారు గారి అమ్మనండి. నారుకి ఎండ కావాలండి. గంటాగి తీసేత్తానండి."

ఆవిడ ఏమీ అనలేదు. కాసేపు చూసి, "మా గులాబీ ఎన్ని నీళ్ళు పోసినా వాడిపోతుంది, ఎందుకంటావు?" అని అడిగింది. అమ్మ దూరంగానే నిలబడి, "ఎన్ని నీళ్ళు పోసినా అంటన్నారు గదండీ, అందుకేనండి" అంది. ఆవిడ నవ్వింది. లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, చేతికివ్వకుండా పిట్టగోడ మీద పెట్టి వెళ్ళింది. అమ్మ ఆ గ్లాసు తీసుకుని నీళ్ళు నారు పళ్ళెంలో పోసి, గ్లాసు మళ్ళీ గోడ మీదే పెట్టింది.

"తాగలేదేందమ్మా?"

"నాకు దప్పిక లేదులే."

బస్సు దిగినప్పటినించి ఆమె నీళ్ళు తాగలేదని నాకు తెలుసు. లోపలికొచ్చి మా బిందెలో ముంచుకుని రెండు చెంబులు తాగింది.

ఆ రోజు నించి నారు రోజూ ఎండలోకి పోయింది. మొదట గంట, తర్వాత రెండు గంటలు, తర్వాత పూట. నేనే పెట్టాను, నేనే తీశాను. మొదటి రోజు కాళ్ళు వణికినయ్. ఇంటావిడ చూసింది, ఏమీ అనలేదు. గులాబీకి నీళ్ళు తగ్గించింది. అది చిగురేసింది. కుండీలు మాత్రం వెనక్కి రాలేదు.

జూన్ 12న బళ్ళు తెరిచినప్పుడు నారు ఇంకా చిన్నది. జూలై రెండో వారంలో, వాన పడ్డ మర్నాడు, ముప్పై నాలుగు మొక్కలు సైకిలు క్యారేజీ మీద బడికి తీసుకుపోయాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని వెనక జాగాలో నిలబెట్టి, నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో ఎట్టా తెలుస్తుందని అడిగాను. ఫస్ట్ ర్యాంకు పిల్లాడు "రోజుకు రెండుసార్లు సార్" అన్నాడు. వెనక వరసలో ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల ఉంది. ఆమె తల్లి నర్సరీలో ప్రోట్రేలు నింపే కూలికి పోతుంది. ఆ పిల్ల మెల్లగా అంది: "ఎత్తి చూడాలి సార్. తేలిగ్గా ఉంటే పొయ్యాలి."

ఆ పిల్లని ముందుకు పిలిచాను. ఆ పూట పాఠం ఆమే చెప్పింది. కాడ పట్టుకోకూడదు, ఆకు పట్టుకుని తియ్యాలని చూపించింది. నేను నోట్సు రాసుకున్నాను. పరీక్షల్లో ఆ పిల్లకి బయాలజీలో వచ్చేవి పదకొండో పన్నెండో మార్కులు. ఆమెకి వచ్చింది నా పుస్తకంలో లేదు, నా పుస్తకంలో ఉంది ఆమెకి రాలేదు. ఇన్నేళ్ళు ఆమెకి ఏమీ రాదని మార్కులు వేసింది నేనే.

చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట చెప్పాలి. మా నాయన నన్ను మట్టి ముట్టుకోవద్దన్నాడు. ఆయన తప్పు లేదు. ఆయన చూసిన మట్టి ఇంకొకడిది. కానీ మనం మట్టి వదిలి వచ్చేటప్పుడు మన అమ్మల చేతుల్లో ఉన్న చదువును కూడా అక్కడే వదిలేసి వచ్చాం. చేలు వాళ్ళవి అయితే అయినయ్, చేతులు మనవి. దాన్ని కూలిపని అన్నవాళ్ళ మాట మనం కూడా నమ్మాం.

బడి మొక్కలు కాపుకొచ్చినయ్. వంట అక్క రోజూ కొంగులో నాలుగు కాయలు తెంపుకుపోతుంది. మా అమ్మకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. మానెయ్యమంటే వినదు, నాట్లప్పుడు ఇంకా కూలికి పోతూనే ఉంది. నేను ఐదు సెంట్ల జాగా కోసం వెతుకుతున్నాను, లోను పెట్టి కొందామని. ఆ మాట చెబితే అమ్మ అడిగింది ఒకటే.

"నీళ్ళున్నయ్యా యాడన్నా?"