బాలాపూర్‌లో చూపు నేర్పే గది

భద్రాచలం నుంచి కొత్తగూడెం పోయే దారిలో పాల్వంచ థర్మల్ కేంద్రం వస్తుంది. 2018 డిసెంబరులో అక్కడ మొదలైన 800 మెగావాట్ల యూనిట్ సూపర్ క్రిటికల్ రకం. ఆవిరి వేడి, ఒత్తిడి పెరిగేకొద్దీ అదే కరెంటుకు బొగ్గు తక్కువ పడుతుంది. ఎంతదాకా పెంచవచ్చో తేల్చేది మాత్రం లోహమే. వందల డిగ్రీల వేడిలో, ఎడతెగని ఒత్తిడి కింద స్టీలు ఏళ్ల తరబడి మెల్లగా సాగిపోతుంది. ఆ సాగుడును అడ్డుకునే స్టీలు మీద హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో పరిశోధన జరుగుతోందని తెలిసి ఈమధ్య వెళ్లాను.

ఆ సంస్థ ఏఆర్‌సీఐ. 1997లో ఏర్పడింది, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కింద నడుస్తుంది. స్టీలు పొడిలో వందకు అర పాలు కూడా లేని యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) కలిపి, గుండ్ల మిల్లులో గంటల కొద్దీ నూరి, వేడి మీద ఒత్తి కడ్డీ తీస్తారు. అప్పుడు 2 నుంచి 5 నానోమీటర్ల ఆక్సైడ్ రేణువులు లోహమంతటా పరుచుకుంటాయి. వేడిలో లోహపు స్ఫటికాలు జారిపోకుండా పట్టి ఉంచేవి అవే. ఫాస్ట్ రియాక్టర్ల ఇంధన గొట్టాల కోసం కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంతో కలిసి ఇక్కడివారు పని చేసింది ఇలాంటి స్టీలు మీదే.

కంటికి కనిపించే వెలుగు తరంగం 400 నానోమీటర్లకు తగ్గదు. దానితో ఈ రేణువులను చూడలేం. ఎలక్ట్రాన్లను 200 కిలోవోల్టులతో తోస్తే వాటి తరంగం నానోమీటరులో నాలుగు వందలవ వంతుకు దిగుతుంది. 1931లో బెర్లిన్‌లో ఇంజనీర్లు రుస్కా, నోల్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మొదలుపెట్టిన దారి ఇది.

పరిశోధక విద్యార్థుల రోజులు ఎక్కువగా గరుకు కాగితం దగ్గరే గడుస్తాయి. స్టీలు ముక్కను మిల్లీమీటరులో పదోవంతు మందానికి అరగదీసి, బొట్టుబిళ్లంత, 3 మిల్లీమీటర్ల బిళ్ల కొడతారు. చల్లబరిచిన ఆమ్లాన్ని రెండు వైపుల నుంచీ చిమ్మిస్తే నడుమ చిల్లు పడుతుంది. పనికొచ్చేది ఆ చిల్లు అంచు మాత్రమే, ఎలక్ట్రాన్లు దూరిపోయేంత పలచన. ఒక్క క్షణం ఆలస్యమైతే అంచూ మిగలదు, మళ్లీ మొదటికే.

ఇంకో చిక్కు, స్టీలుకు అయస్కాంత గుణం. అది ఎలక్ట్రాన్ పుంజాన్ని పక్కకు తిప్పి బొమ్మను చెదరగొడుతుంది. అందుకని కొందరు గాలియం అయాన్లతో అతి చిన్న పలక చెక్కి తీస్తారు.

మైక్రోస్కోపు గదిలో తెర మీద నల్లటి చుక్కలు రాగానే కొత్తగా చేరిన అబ్బాయి ముఖం వెలిగింది. “అక్కా, రేణువులు!”

“రేణువులో, మన గాలియం చేసిన గాయాలో ముందు తేల్చు” అంది సీనియర్.

నాకు ఆ గదిలో అన్నిటికన్నా విలువైన మాట అది. గాలియం దెబ్బకు లోహంలో పడే మచ్చలూ కొద్ది నానోమీటర్లే ఉంటాయి, అచ్చం రేణువుల్లాగే కనిపిస్తాయి. అందుకే చుక్కలున్న చోట యిట్రియం, ఆక్సిజన్ ఉన్నాయో లేదో మూలకాల పటం తీసి చూస్తారు. ఆమ్లంతో పలచన చేసిన బిళ్లతోనూ పోల్చుతారు. రెండూ ఒకే మాట చెబితేనే లెక్క పెడతారు.

మీటలు నొక్కడం త్వరగానే వస్తుంది. తన బొమ్మను తానే అనుమానించడానికి ఏళ్లు పడుతుంది. పది మైక్రాన్ల చదరంలో, 100 నానోమీటర్ల మందం చూస్తే, చూసింది ఘన మిల్లీమీటరులో పది కోట్లలో ఒక వంతే. అందంగా వచ్చిన ఒక్క బొమ్మ పట్టుకుని స్టీలంతా ఇంతేనని రాయడం పరిశోధన కాదు. ఎన్ని చోట్ల చూశావని పట్టాలిచ్చేవారు మరింత గట్టిగా అడగాలి.

ఈ చూపు మన పిల్లలకూ నేర్పవచ్చు. మన కొత్తగూడెం మైనింగ్ కళాశాల ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. పాల్వంచ బూడిద మన ముంగిటే ఉంది. అందులోని గాజు గోళీలు, వాటిలో కొన్ని బోలువి, కొత్తవారు మైక్రోస్కోపు నేర్చుకోవడానికి చక్కటి నమూనాలు. దేశంలోని పరికరాలను బయటి విద్యార్థులూ బుక్ చేసుకునేందుకు ఐ-స్టెమ్ పోర్టల్ 2020 నుంచి ఉంది. విశ్వవిద్యాలయం అధ్యాపకులు ఏటా కొందరు విద్యార్థులనైనా నమూనాలతో అలాంటి పరికరాల దగ్గరికి పంపాలి. ఏజెన్సీ పిల్లల ప్రయాణం, బస ఖర్చు భద్రాచలం ఐటీడీఏ భరించాలి.