డిస్‌పర్స్



నేను చదివిన హైస్కూల్లో పొద్దున ప్రేయర్ అవగానే డ్రిల్ మాస్టారు "డిస్‌పర్స్!" అని కేక వేసేవారు. అర్థం మాకెవరికీ తెలీదు, వరస విడిచి పరుగెత్తాలని మాత్రం తెలుసు. మొన్న మన సండే స్కూలు పాప ఒకతి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి ఆ మాటకే అర్థం అడిగింది. "చెదరగొట్టడం అమ్మా. పోలీసులు జనాన్ని చెదరగొట్టారంటారు చూడు, అదే" అని చెప్పి పంపేశాను.

మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ వారమే మన సంఘంలోంచి ఇంకో కుర్రవాడు హైదరాబాదు పనికి వెళ్తూ ప్రార్థన చేయించుకోవడానికి వచ్చాడు. నేనన్నది మీలో కొందరు విన్నారు: "అందరూ ఇలా చెదిరిపోతే నేనిక్కడ గోడలకు వాక్యం చెప్పుకోవాలా?" అతను తల వంచుకున్నాడు. వాళ్లమ్మ పక్కనే ఉంది.

తర్వాత సెమినరీ నాటి పుస్తకాలు తీశాను. డిస్‌పర్స్ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట. 'డిస్' అంటే వేర్వేరుగా, 'స్పార్గెరె' అంటే చల్లడం. నీళ్లు చల్లినా గింజలు చల్లినా వాళ్లకు అదే మాట. మొదట్లో దీనికీ లాఠీకీ సంబంధం లేదన్నమాట.

స్తెఫను మరణం తర్వాత యెరూషలేము సంఘం చెదిరిపోయిన సంగతి చెప్పేచోట (అపొ. కా. 8:1, 8:4, 11:19) లాటిన్ బైబిలు ఈ క్రియనే వాడింది. గ్రీకులో అక్కడ ఉన్నది 'దియాస్పీరో'. గ్రీకు నాకు అంతంతమాత్రమే గానీ, 'స్పీరో' అంటే విత్తడం అని మరిచిపోలేదు. విత్తువాని ఉపమానంలో ఉన్నదీ అదే. మన తెలుగు బైబిల్లో 'చెదరిపోయినవారు' అన్నారు. తప్పు కాదు, కానీ అందులో గింజ లేదు. మనకు అంతకన్నా దగ్గరి మాట ఉంది: వెదజల్లడం. వెద అంటేనే విత్తనం. 2 కొరింథీ 9:9లో మనవాళ్లు ఆ మాటే వాడారు, పాత ఇంగ్లీషు బైబిల్లో (1611) అక్కడ ఉన్నది డిస్‌పర్సే.

నాట్లకు కూలీలు దొరక్క మీలో చాలామంది ఇప్పుడు వెదజల్లుతున్నారు కదా. చల్లిన రోజు గట్టు మీది నుంచి చూస్తే వట్టి బురదే కనిపిస్తుంది.

ఇంకోటి. 8:1 ప్రకారం అపొస్తలులు కదల్లేదు. పాస్టర్లు ఉన్నచోటే ఉన్నారు (నవ్వుకోండి). వాక్యం మోసుకెళ్లింది, ఫిలిప్పులాంటివారు తప్ప, పేర్లయినా రాయని మామూలు విశ్వాసులు. కుప్రీయులు కొందరు, కురేనీయులు కొందరు అంతియొకయకు వెళ్లి గ్రీకువాళ్లతో మాట్లాడారు. శిష్యులకు క్రైస్తవులనే పేరు అక్కడే వచ్చింది. యెరూషలేములో ఉన్నవారికి ఆ పని కబురుగా చేరింది, అంతే.

అయితే వాళ్లు సంతోషంగా వెళ్లలేదు, హింసకు ఇళ్లు వదిలి వెళ్లారు. కొడుకు దూరమైన తల్లికి గ్రీకు మాట చెప్పి ఓదార్చే ధైర్యం నాకు లేదు. ఆదివారం ఆమె పక్కన ఖాళీగా ఉన్న చోటు నేనూ చూస్తున్నాను.

నిన్న రాత్రి ఆ కుర్రవాడికి ఫోన్ చేసి, ఆ రోజు అలా అన్నందుకు క్షమించమన్నాను. "డ్యూటీలో ఉన్నానండీ, మళ్లీ చేస్తాను" అన్నాడు. ఇంకా చేయలేదు. ఆ పాపకు కూడా వచ్చే ఆదివారం అర్థం సరిచేసి చెప్పాలి.