ఏం పనిమీద గుట్టెక్కుతున్నవ్?

మా ఓరుగల్లు దిక్కు గుట్ట మీద ఎవరన్నా ఎదురుపడితే ముందుగా అడిగే మాట ఇదే. మేక తప్పిపోయిందా, మొక్కుందా, సర్వేకొచ్చిన్రా? "ఊకనే, నడుద్దామని" అంటే ఆ మనిషి మన బూట్ల వైపు, భుజాన సంచి వైపు ఓసారి చూసి, నమ్మనట్టే తలూపి పోతాడు. ఆ అనుమానంలో న్యాయం ఉంది. ఈ గుట్టల మీద ఏ కాలిబాటా ఊకనే పడలేదు.

నాలుగు గుట్టలు తిరిగితే, బాటను చూసి అది ఎవరు వేసిందో చెప్పెయ్యొచ్చు. ఎండాకాలం తునికాకుకు పోయినవాళ్ల బాట బండ కనిపిస్తే చుట్టి వస్తుంది గానీ ఎక్కి దిగదు. నెత్తిన ఆకు మూటతో దిగాలి మరి. పొద్దున తెంపిన ఆకును ఇంటికి తెచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పజెప్పాలి. తొందర ఉన్నా కాలు జారే తొందర పనికిరాదు. సీతాఫలాల బాట చెట్టు చెట్టుకూ ఆగుతూ పోయి, చివరికి ఎటూ చేరకుండా పొదల్లో ఆగిపోతుంది. మేకల బాట మాత్రం ఉన్నట్టుండి పది పాయలవుతుంది. ఎటు పోవాలో మేకలకు తెలుసు, మనకు తెలియదు. కొత్తవాళ్లు దారి తప్పేది ఎక్కువగా అక్కడే.

వరంగల్ నుంచి పరకాల మీదుగా పోతే రేగొండ మండలంలో పాండవుల గుట్ట ఉంది. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా, మొన్నమొన్నటి దాకా మాదే. హన్మకొండ నున్నటి గుండ్లకు అలవాటుపడ్డ కాలికి అక్కడి ఇసుకరాయి కొత్తగా ఉంటుంది. గరుకుగా పాదాన్ని పట్టుకుంటుంది. పొరలు పొరలుగా లేచిన బండల కింద చూరుల్లాంటి నీడలున్నాయి. ఆ నీడల్లోనే ఎర్రరంగు బొమ్మలు: దున్న, జింక, పులి, ఇంకా ఏవో గీతలు, గుండ్రాలు. వీటి సంగతి బయటి లోకానికి తెలిసింది 1990లో. మేకల కాపరులకు అంతకు ముందే తెలిసి ఉంటుంది, కాకపోతే వాళ్లనెవరూ అడగలేదు. మిట్టమధ్యాహ్నం మేకలు తోలుకొచ్చినవాడు సద్ది విప్పేది ఆ బొమ్మల కిందే. కింద మైదానమంతా కనబడాలి, ఎండ తగలకూడదు, నీళ్లు మరీ దూరం కాకూడదు. వేల ఏళ్ల కింద రంగు నూరుకుని కూర్చున్నవాడికీ కావలసింది అదే అయి ఉంటుందని నా లెక్క. బొమ్మ గీసినవాడి పేరు పోయింది. ఆ తర్వాత జనం గుట్టను పాండవులకు రాసిచ్చారు, ఒక గుహను గొంతెమ్మకు, అంటే కుంతికి, కేటాయించారు. ఈమధ్య కుర్రవాళ్లు తాళ్లు కట్టుకుని ఆ బండలెక్కుతున్నారు. వాళ్ల పనీ పనే, కాదనను.

హన్మకొండ పద్మాక్షి గుట్టకు అంత నడక అక్కర్లేదు. ఊరి నడుమే ఉంది. పైన బండమీద చెక్కిన జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి, నాలుగు పలకల శాసన స్తంభం ఉంది. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ, ఆ గుట్ట మీద కడలాలయ బసది కట్టించిందని 1117 నాటి ఆ శాసనం చెబుతుంది. రుద్రదేవుడి వేయిస్తంభాల గుడి 1163 నాటిది, అంటే దీనికంటే చిన్నది. మైలమ నాటి జైనులు ఎక్కింది ఈ గుట్టే. ఇప్పుడు పసుపు కుంకుమలతో పద్మాక్షి అమ్మవారికి మొక్కేవాళ్లు ఎక్కేదీ ఇదే. దేవుళ్లు మారారు, ఎక్కే పని మారలేదు. సద్దుల బతుకమ్మ నాడు గుట్ట కింది గుండం చుట్టూ కాలు పెట్ట సందుండదు. ఆ బతుకమ్మల్లో పేర్చిన తంగేడు కోసం పొద్దున్నే గట్లు, గుట్టలు పట్టుకు తిరిగినవాళ్లను లెక్కేస్తే, ఆ పండుగ ఒక్కటే ఎన్ని బాటలు వేసిందో!

ఇన్ని బాటల్లో కాలు పెట్టిన నేను ఎక్కనిది, ఎక్కాలని అనుకోనిది, మేడారం దగ్గరి చిలకలగుట్ట. యుద్ధంలో గాయపడిన సమ్మక్క ఆ గుట్ట వైపు నడిచిపోయి మాయమైందనీ, వెతకబోయినవాళ్లకు నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందనీ కథ. రెండేళ్లకోసారి మాఘ పున్నమి జాతరలో, గురువారం నాడు, కోయ పూజారులు పైకి పోయి తల్లిని తెస్తారు. పైన వాళ్లేం చేస్తారో మనం అడగకూడదు. వాళ్లు దిగేసరికి పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేలుస్తాడు. కింద లక్షల మంది ఒక్కసారిగా గొంతెత్తుతారు. గుట్టలన్నీ టూరిజం బోర్డు కోసమే పుట్టాయనుకునే ఈ రోజుల్లో, ఇది మీది కాదు అని చెప్పే గుట్ట ఒకటుండటం నాకైతే బాగానే ఉంది.

అసలైన నడక మాత్రం గుట్ట మీద కాదు, దానికి ముందే అడవిలో సాగుతుంది. సమ్మక్క భర్త పగిడిద్దరాజుది గంగారం మండలం పూనుగొండ్ల. పెనక వంశంవాళ్లు ఆయన పడిగెను, అంటే ఆయన గుర్తైన జెండాను, ఎత్తుకుని మంగళవారం బయలుదేరి, వాగులు దాటి, అడవి బాటల్లో నడిచి, రాత్రికి దారిలో ఓ ఊళ్లో విడిది చేసి, బుధవారానికి మేడారం చేరుతారు. జాతరకు ఆర్టీసీ వేల బస్సులు నడుపుతుంది, రోడ్డూ ఉంది. అయినా వాళ్లు బస్సెక్కరు. పూనుగొండ్లలో ఆయన్ను పెళ్లికొడుకును చేసే కదా సాగనంపింది! డోలు ముందు నడవాలి, దారిలో ఊరూరా ఆడవాళ్లు బిందెలతో ఎదురొచ్చి నీళ్లారబొయ్యాలి. బస్సులో ఇవన్నీ ఎట్లా కుదురుతాయి?